దవడలో స్క్రూ దిగే ముందు

గట్టిగా ఉన్న పన్నునైనా వేలితో పట్టి నొక్కితే కాస్త కదులుతుంది. కంటికి ఆనని కదలిక అది. పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య మిల్లీమీటరులో ఐదో వంతు మందాన ఒక నారపొర ఉంటుంది. రెండు వెంట్రుకలు పక్కపక్కన పెడితే వచ్చేంత మందం. వేరును ఎముకకు కట్టి ఉంచేది ఆ పొరే. నమిలేటప్పుడు పడే బరువును మెత్తగా అందుకునేదీ, పంటి కింద చిన్న రాయి పడగానే మనం అనుకోకముందే దవడ తెరుచుకునేలా చేసేదీ అదే. పోయిన పన్ను స్థానంలో దవడలో బిగించే ఇంప్లాంట్‌కు ఆ పొర ఉండదు. లోహం నేరుగా ఎముకను పట్టుకుని నిలుస్తుంది.

ఇంప్లాంట్ వేయించుకోవాలనుకునేవారు అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఈ తేడానే. ఎవరికి వెంటనే వేయవచ్చు, ఎవరు ఆగాలి, నెలల తరబడి ఎందుకు వేచి ఉండాలి, బాగా అతుక్కున్న ఇంప్లాంట్ కూడా కొన్నేళ్లకు ఎందుకు పాడవుతుంది అన్న ప్రశ్నల్లో చాలావాటికి జవాబు తిరిగి తిరిగి ఈ లేని పొర దగ్గరికే వస్తుంది. ఏ కంపెనీ స్క్రూ మంచిది, ఎన్ని రోజుల్లో అయిపోతుంది అన్నవి ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్నలు.

ఇంప్లాంట్ అంటే మొత్తం పన్ను అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఎముకలోకి దిగే స్క్రూ మాత్రమే. సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్ల లావు, 8 నుంచి 13 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. దాని మీద అబట్‌మెంట్ అనే చిన్న భాగాన్ని బిగిస్తారు. పైన పన్నులా కనిపించేది క్యాప్. స్క్రూను ఎక్కువగా టైటానియంతో గానీ దాని మిశ్రమలోహంతో గానీ చేస్తారు. జిర్కోనియా అనే పింగాణీ పదార్థంతో చేసిన తెల్లని ఇంప్లాంట్లూ ఉన్నాయి, కానీ దీర్ఘకాలపు అనుభవం టైటానియానికే ఎక్కువ. గాలి తగిలిన మరుక్షణం టైటానియం మీద అతి సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దానివల్ల లోహం తుప్పు పట్టదు, ఎముక కణాలు దాన్ని ఆనుకుని పెరుగుతాయి.

ఈ సంగతి బయటపడింది అనుకోకుండానే. 1950ల మొదట్లో స్వీడన్ వైద్యుడు పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ ఎముకలో రక్తప్రసరణను గమనించడానికి కుందేళ్ల కాలి ఎముకలో టైటానియం పరికరాన్ని అమర్చాడు. ప్రయోగం ముగిశాక తీయబోతే అది ఊడి రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది. 1965లో గోస్టా లార్సన్ అనే వ్యక్తి కింది దవడలో ఆయన టైటానియం ఇంప్లాంట్లు అమర్చాడు. 2006లో లార్సన్ చనిపోయే వరకు, అంటే నలభై ఏళ్లకు పైగా, అవి పనిచేశాయి. అయినా తోటి వైద్యులు ఈ పద్ధతిని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. 1982లో టొరంటోలో జరిగిన సదస్సు తర్వాతే ఉత్తర అమెరికాలో దీనికి విస్తృతంగా ఆమోదం దొరికింది.

పదేళ్ల తర్వాత కూడా నోట్లో నిలిచి ఉండే ఇంప్లాంట్లు నూటికి తొంభైకి పైగానే అని దీర్ఘకాలిక అధ్యయనాలు చెబుతున్నాయి. వైద్యంలో ఇది గొప్ప ఫలితమే. అయితే ఆ లెక్క ఊడిపోనివాటి లెక్క. చిగురు వాచి, చుట్టూ ఎముక తరుగుతూ ఉన్న ఇంప్లాంట్ కూడా ఊడిపోనంత కాలం ఆ తొంభైలోనే ఉంటుంది. ‘సక్సెస్ రేటు’ అంటూ ఎవరైనా ఒక అంకె చెబితే, అది నిలిచినవాటి సంఖ్యా, ఆరోగ్యంగా ఉన్నవాటి సంఖ్యా అని అడగడం తప్పేమీ కాదు.

పన్ను పీకించుకోకముందే

ఇంప్లాంట్ గురించి మాట్లాడటానికి సరైన సమయం పన్ను ఇంకా నోట్లో ఉన్నప్పుడు. మొదటి ప్రశ్న కూడా ఆ పన్ను గురించే: దీన్ని నిలబెట్టే దారి నిజంగా లేదా? పుచ్చిపోయిన పన్నును రూట్ కెనాల్ చేసి, క్యాప్ వేసి ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. చిగుళ్ల జబ్బుతో కదులుతున్న పళ్లలో కొన్ని, గార తీయించి సరైన చికిత్స చేయిస్తే మళ్లీ కాస్త బిగుసుకుంటాయి. ఎలాగూ పోయేదే కదా, పీకించేసి ఇంప్లాంట్ వేయించుకుంటే బాధ వదిలిపోతుందన్న ఆలోచన మాత్రం ప్రమాదకరం. సొంత పన్నుకు ఆ నారపొర ఉంది. దాన్ని ఒకసారి పోగొట్టుకుంటే ఎంత ఖర్చు పెట్టినా తిరిగి రాదు. నిలిచే అవకాశమున్న పళ్లను కూడా వరసగా పీకి, దవడ మొత్తానికి ఇంప్లాంట్లు వేద్దామన్న సలహా వస్తే, మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోకూడదు.

పీకక తప్పని పరిస్థితి అయితే, ఆ తర్వాత ఎముకకు ఏమవుతుందో తెలియాలి. వేరు చుట్టూ ఉండే ఎముక పన్ను కోసమే ఏర్పడింది. పన్ను పోగానే దానికి పని లేకుండా పోతుంది, తరగడం మొదలవుతుంది. మొదటి ఏడాదిలో ఆ గట్టు వెడల్పులో సగం దాకా పోవచ్చు. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుంది. పైవరస ముందు పళ్ల దగ్గర పెదవి వైపు ఉండే ఎముక గోడ చాలామందిలో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కాబట్టి అక్కడ నష్టం ఇంకా తొందరగా కనిపిస్తుంది, చిగురు లోపలికి కుంగుతుంది. పన్నును ఎముక విరగకుండా జాగ్రత్తగా తీయడం, అవసరమైన చోట ఆ గుంటలో ఎముక పొడి నింపడం వల్ల ఈ తరుగుదల పూర్తిగా ఆగకపోయినా తగ్గుతుంది. పీకించుకుని రెండేళ్ల తర్వాత ఇంప్లాంట్ కోసం వచ్చిన మనిషికి ఈ అవకాశం అప్పటికే చేజారి ఉంటుంది.

ఎముక పొడి దేనితో తయారైందో కూడా అడగాలి. రోగి సొంత ఎముక నుంచి తీసినది కావచ్చు, దాతల నుంచి వచ్చి శుద్ధి చేసినది కావచ్చు, పశువుల ఎముక నుంచి తయారు చేసినది కావచ్చు, పూర్తిగా కృత్రిమమైనదీ కావచ్చు. నమ్మకం వల్లనో మరో కారణంతోనో వీటిలో ఏదైనా వద్దనుకునేవారు ముందే చెబితే వైద్యుడు వేరేది ఎంచుకుంటాడు. ఆపరేషన్ అయ్యాక తెలిసి బాధపడేవారూ ఉన్నారు, అందుకే ఈ మాట.

చాలా కాలం కిందటే పన్ను పోయినవారికి చిక్కు మరో రకంగా ఉంటుంది. పై దవడ పళ్ల వేర్ల పైన గాలితో నిండిన సైనస్ గది ఉంటుంది. పళ్లు పోయాక అది కిందికి దిగుతుంది, స్క్రూకు చోటు చాలదు. అప్పుడు సైనస్ పొరను పైకి జరిపి కింద ఎముక పొడి నింపాలి. కింది దవడలో పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం ఎముక లోపలి కాలువలో నడుస్తుంది. స్క్రూ కొనకూ ఆ కాలువకూ మధ్య కనీసం రెండు మిల్లీమీటర్ల ఎడం ఉంచాలన్నది అందరూ పాటించే నియమం. మామూలు ఎక్స్-రే ఎత్తును కొంతవరకు చూపిస్తుంది గానీ వెడల్పును చూపించదు. దవడను మూడు కొలతల్లో చూపే సీబీసీటీ స్కాన్ అవసరమయ్యేది అందుకే. ఆ స్కాన్‌ను తెర మీద పెట్టి, ఎముక ఎంత ఉందో, నరం ఎక్కడ ఉందో, స్క్రూ ఎక్కడికి వస్తుందో వైద్యుడు చూపించాలి. రెండు నిమిషాల పని అది. చూపించమని అడిగితే విసుక్కునే చోట ఆగి ఆలోచించడం మంచిది.

పళ్ల మధ్య ఖాళీ కూడా అలాగే ఉండిపోదు. పక్క పళ్లు అందులోకి ఒరుగుతాయి, ఎదుటి దవడ పన్ను ఆ ఖాళీలోకి దిగుతుంది. 4 మిల్లీమీటర్ల స్క్రూకు అటూ ఇటూ ఒకటిన్నర మిల్లీమీటర్ల చొప్పున ఎముక వదలాలంటే సుమారు 7 మిల్లీమీటర్ల చోటు కావాలి. అంత లేకపోతే ముందు క్లిప్పులతో పళ్లను సర్దాల్సి రావచ్చు. క్లిప్పుల పని ఇంప్లాంట్‌కు ముందే పూర్తి కావాలి. నారపొర లేని ఇంప్లాంట్‌ను ఆ తర్వాత అంగుళం కాదు, అణువంత కూడా జరపలేరు.

ఇంప్లాంట్ ఒక్కటే దారి కాదన్నదీ ఇక్కడే చెప్పుకోవాలి. ఖాళీకి రెండు పక్కలా ఉన్న పళ్లకు ఇప్పటికే పెద్ద ఫిల్లింగులో క్యాపులో ఉంటే, వాటిని ఆధారం చేసుకుని ఖాళీ మీద కట్టే బ్రిడ్జి మంచి నిర్ణయమే కావచ్చు. ఆ పక్క పళ్లు చెక్కుచెదరకుండా ఉంటే, బ్రిడ్జి కోసం వాటిని అరగదీయడం కంటే ఇంప్లాంట్ మేలు. చివరి దవడ పన్ను ఒక్కటే పోయి, నమలడానికి ఇబ్బంది లేకపోతే ఆ ఖాళీని అలాగే వదిలేయడం కూడా వైద్యపరంగా సబబైన ఎంపికే. మొత్తం పళ్లు పోయినవారికి కింది దవడ కట్టుడు పళ్లు జారిపోవడం పెద్ద బాధ. అక్కడ రెండే రెండు ఇంప్లాంట్లు వేసి, సెట్టును వాటికి గుండీల్లా తగిలిస్తే పరిస్థితి ఎంతో మారుతుంది. 2002లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు పళ్లన్నీ పోయిన కింది దవడకు మొదట సూచించాల్సిన చికిత్సగా దీన్నే పేర్కొన్నారు. నాలుగు లేదా ఆరు ఇంప్లాంట్ల మీద కదలని వరస బిగించడం అంతకంటే పెద్ద పని, పెద్ద ఖర్చు. శుభ్రం చేసుకోవడం కూడా కష్టమే.

ఎవరు ఆగాలి

వయసు పైబడిందని వెనకాడాల్సిన పని లేదు. ఎనభై ఏళ్ల వారికీ ఎముక అతుక్కుంటుంది. చూడాల్సింది చేతి పట్టు, చూపు, రోజూ శుభ్రం చేసుకునే ఓపిక. ఆగాల్సింది పిల్లలు. ఎదిగే వయసులో దవడతోపాటు పళ్లూ కిందికి దిగుతూ వస్తాయి. ఎముకకు నేరుగా అతుక్కున్న ఇంప్లాంట్ మాత్రం పెట్టిన చోటే ఉండిపోతుంది, కొన్నేళ్లకు పొట్టి పన్నులా కనిపిస్తుంది. ఆటలో పన్ను విరగ్గొట్టుకున్న పదిహేనేళ్ల పిల్లవాడికి ఎదుగుదల ముగిసే వరకు తాత్కాలిక పన్నుతో నెట్టుకురావడమే సరైన పని.

పొగ తాగేవారిలో ఇంప్లాంట్ విఫలమయ్యే అవకాశం తాగనివారితో పోలిస్తే దాదాపు రెట్టింపు. పొగ రక్తనాళాలను కుదిస్తుంది, గాయం మానడం మందగిస్తుంది. మానేయడానికి ఇదొక మంచి అదను. మధుమేహం ఉన్నంత మాత్రాన ఇంప్లాంట్ కుదరదని కాదు. అదుపులో లేని మధుమేహంతోనే చిక్కు. మూడు నెలల సగటు చక్కెర పరీక్ష చూడకుండా తేదీ ఇచ్చే వైద్యుడు తొందరపడుతున్నట్టే.

మందుల విషయం అన్నిటికంటే జాగ్రత్తగా చెప్పాల్సింది. ఎముకలు గుల్లబారకుండా వాడే బిస్ఫాస్ఫోనేట్ మాత్రలు, డెనోసుమాబ్ ఇంజెక్షన్లు దవడ ఎముక మానే తీరును మారుస్తాయి. క్యాన్సర్ చికిత్సలో వీటినే పెద్ద మోతాదులో వాడినవారికి పన్ను పీకినా, స్క్రూ వేసినా ఎముక మానక చచ్చుబడే ప్రమాదం ఉంది. ఎప్పుడో ఆపేసిన మందు గురించి కూడా చెప్పాలి. బిస్ఫాస్ఫోనేట్లు ఎముకలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ‘పళ్లకూ ఆ మందుకూ ఏం సంబంధం’ అనుకుని చెప్పకుండా వదిలేసేవారే ఎక్కువ. తల, మెడ భాగాలకు రేడియేషన్ తీసుకున్న సంగతీ అంతే ముఖ్యం. రక్తం పలచబడే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు. దంత వైద్యుడూ గుండె వైద్యుడూ మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం అది.

నిద్రలో పళ్లు నూరే అలవాటు ఉన్నవారికి ఆ లేని పొర మళ్లీ గుర్తుకొస్తుంది. సొంత పన్ను మీద బరువు మితిమీరితే నొప్పి ముందుగా హెచ్చరిస్తుంది. ఇంప్లాంట్‌కు ఆ హెచ్చరిక మొద్దుబారినట్టే ఉంటుంది. అబట్‌మెంట్‌ను బిగించే చిన్న స్క్రూ వదులయ్యాకనో క్యాప్ పింగాణీ పెచ్చు ఊడాకనో తెలుస్తుంది. రాత్రిపూట పళ్లకు తొడిగే గార్డు గురించి ముందే మాట్లాడుకోవాలి.

ఇక చిగుళ్ల జబ్బు. అంతకుముందు పళ్లు ఊడటానికి కారణమైన క్రిములు నోట్లో అలాగే ఉంటే, కొత్తగా దిగిన స్క్రూను అవి వదిలిపెట్టవు. ముందు చిగుళ్ల చికిత్స పూర్తి కావాలి, ఇంప్లాంట్ ఆ తర్వాతే.

ఆపరేషన్, ఆ తర్వాతి నెలలు

ఆపరేషన్ అంటే భయపడేవారు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఒక్క పన్నుకు స్క్రూ వేయడం చాలామందికి పన్ను పీకించుకోవడం కంటే తేలికగానే ఉంటుంది. దవడకు మత్తు ఇచ్చి, చిగురు తెరిచి, సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి క్రమంగా లావు డ్రిల్లులతో రంధ్రం వెడల్పు చేస్తారు. ఆ సేపంతా డ్రిల్లు మీద చల్లని సెలైన్ పడుతూనే ఉంటుంది. నోట్లో నీళ్లు నిండి ఇబ్బందిగా అనిపించేది ఆ సెలైన్ వల్లే. కానీ అది లేకపోతే పని చెడుతుంది. ఎముక వేడి 47 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక నిమిషం నిలిచినా అక్కడి కణాలు చనిపోవడం మొదలవుతుంది, చనిపోయిన ఎముక స్క్రూను పట్టుకోదు.

మొదట స్క్రూ నిలిచేది దాని మీది మరలు ఎముకను గట్టిగా పట్టుకోవడం వల్లే. ఆ తర్వాత కొన్ని వారాల్లో పాత ఎముక కొంత కరిగి కొత్త ఎముక పుడుతుంది. మూడు, నాలుగు వారాల ప్రాంతంలో పాత పట్టు తగ్గి కొత్త పట్టు ఇంకా పూర్తిగా రాని దశ ఒకటి ఉంటుంది. నొప్పి పూర్తిగా పోయి, అంతా బాగుందనిపించి, ఆ వైపు గట్టివి నమలాలనిపించే సమయం కూడా సరిగ్గా అదే. అప్పుడు స్క్రూ సన్నగా కదులుతూ ఉంటే చుట్టూ ఎముకకు బదులు మెత్తటి పీచు కణజాలం పెరుగుతుంది, ఇంప్లాంట్ పోతుంది. కింది దవడకు మూడు నెలలు, ఎముక మెత్తగా ఉండే పై దవడకు ఆరు నెలలు ఆగాలన్న పాత లెక్క ఇందుకే వచ్చింది. గరుకు ఉపరితలం ఉన్న నేటి స్క్రూలతో ఈ వ్యవధి తగ్గింది. ఎముక పొడి నింపిన చోట మాత్రం పెరుగుతుంది.

‘ఒకే రోజులో పళ్లు’ అన్న ప్రకటనలను ఈ వెలుగులో చదవాలి. స్క్రూ మొదటి బిగింపు బలంగా కుదిరినప్పుడు అదే రోజు పన్ను అమర్చడం సాధ్యమే, అబద్ధం కాదు. కానీ ఆ పన్ను తాత్కాలికం. ముందు పన్ను అయితే అది ఎదుటి పన్నుకు తగలకుండా తయారు చేస్తారు. అసలు క్యాప్ నెలల తర్వాతే వస్తుంది. బిగింపు సరిగా కుదిరిందా లేదా అన్నది ఆపరేషన్ బల్ల మీదే తేలుతుంది కాబట్టి, అదే రోజు పన్ను ఇస్తామని ముందే గట్టిగా మాట ఇవ్వడం సరికాదు.

మత్తు దిగాల్సిన సమయం దాటినా పెదవో గడ్డమో మొద్దుబారే ఉంటే అదే రోజు ఫోను చేయాలి. నరం మీద ఒత్తిడి పడితే స్క్రూను తొందరగా తీస్తేనే స్పర్శ తిరిగి వచ్చే అవకాశం మెరుగ్గా ఉంటుంది. నాలుగు రోజులు చూద్దామనుకుంటే ఆ అవకాశం కరిగిపోతుంది.

చిగురు అంచున

ఎముకలో లోతుగా దిగిన భాగం గురించే అందరూ ఆలోచిస్తారు. పోరాటం మాత్రం పైన, చిగురు అంచున జరుగుతుంది. సొంత పన్ను చుట్టూ చిగురు నారలు వేరులోకి అడ్డంగా గుచ్చుకుని, కోట గోడలా క్రిములను ఆపుతాయి. ఇంప్లాంట్ చుట్టూ ఆ నారలు లోహాన్ని ఆనుకుని నిలువుగా సాగుతాయే తప్ప దాన్ని పట్టుకోవు. నారపొరతోపాటు అందులోని రక్తనాళాలూ పోయాయి కాబట్టి రక్షణ కణాలు చేరే దారులూ తక్కువ. పాచి పేరుకుంటే మొదట చిగురు ఎర్రబడి, తాకితే రక్తం వస్తుంది. ఈ దశలో శుభ్రం చేయిస్తే తగ్గిపోతుంది. పట్టించుకోకపోతే వాపు ఎముకలోకి దిగి, స్క్రూ మరలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. దీన్ని పెరి-ఇంప్లాంటైటిస్ అంటారు. పోయిన ఎముకను మళ్లీ పూర్తిగా తెప్పించే నమ్మకమైన చికిత్స ఇప్పటికీ లేదు. చాలాసార్లు నొప్పి కూడా ఉండదు.

అందుకే క్యాప్ ఎలా అమర్చుతారన్న ప్రశ్న చిన్నదేమీ కాదు. సిమెంటుతో అతికిస్తే, చిగురు లోపలికి జారిన సిమెంటు తుంపు ఒక్కటి మిగిలినా వాపుకు మూలమవుతుంది. చిన్న స్క్రూతో బిగించే క్యాప్‌ను అవసరమైనప్పుడు విప్పి శుభ్రం చేసి మళ్లీ పెట్టవచ్చు. స్క్రూ కోణం వల్ల ఒక్కోసారి సిమెంటు తప్పదు, ఆ కారణాన్ని వైద్యుడు వివరించాలి. క్యాప్ పెట్టిన రోజు ఒక ఎక్స్-రే తీయించి దాచుకోవాలి. ఐదేళ్ల తర్వాత ఎముక తగ్గిందా లేదా అన్నది తేల్చడానికి పోల్చి చూసేది దాన్నే.

స్క్రూ తయారీ కంపెనీ, మోడల్, లావు, పొడవు, బ్యాచ్ నంబరు రాసిన కార్డు కూడా చేతికి తీసుకోవాలి. ఒక కంపెనీ విడిభాగాలు మరో కంపెనీ స్క్రూకు సాధారణంగా సరిపోవు. ఊరు మారినా, ఆ వైద్యుడు వృత్తి మానేసినా, వదులైన చిన్న స్క్రూను బిగించడానికి ఏ పనిముట్టు కావాలో ఆ కార్డు చెబుతుంది. ఖర్చు చెప్పినప్పుడు అందులో స్కాను, ఎముక పొడి, తాత్కాలిక పన్ను, అబట్‌మెంట్, క్యాప్ అన్నీ కలిసి ఉన్నాయా, అతుక్కోకపోతే మళ్లీ వేసే ఖర్చు ఎవరిది అన్నది కాగితం మీద రాయించుకోవాలి. స్క్రూ ఒక్కదాని ధర విని సంతోషించి, చివర్లో మూడింతల బిల్లు చూసి దిగాలుపడటం ఇంప్లాంట్ల విషయంలో తరచూ జరిగేదే.

క్యాప్ బిగించాక కుర్చీలోంచి లేచే ముందు అద్దం అడగాలి. పళ్ల సందుల్లో వాడే చిన్న బ్రష్షును వైద్యుడి ఎదుటే ఆ క్యాప్ పక్కన దూర్చి చూడాలి. దూరకపోతే క్యాప్ ఆకారాన్ని అప్పుడే సరిచేయమనాలి. ఇంటికి వెళ్లాక రోజూ రాత్రి అదే పని. చిగురు మానాక ఏదో ఒక రోజు ఆ బ్రష్షు కుచ్చు మీద గులాబీ రంగు మరక కనిపిస్తే, నొప్పి ఉన్నా లేకపోయినా, ఆ వారంలోనే చూపించుకోవాలి.